ఆరని దాలి

నిరుడు సంక్రాంతి వెళ్ళిన వారానికి అమ్మను కాకినాడలో ఊపిరితిత్తుల వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మగారూ, మీకు చుట్ట కాల్చే అలవాటుందా?" అని. అమ్మ నొచ్చుకుంది. "అయ్యో, లేదండి. మా మామగారు కాల్చేవారండి, అదీ వీధరుగు మీదేనండి" అంది. ఆయన తల ఊపి, "మరి వంట దేని మీద చేసేవారండి?" అని రెండో ప్రశ్న వేశారు.

అమ్మ లెక్క చెప్పడం మొదలుపెట్టింది. 1971లో పదిహేడేళ్ళ వయసున అంబాజీపేట దగ్గరి మా ఊరికి కాపురానికి వచ్చింది మొదలు, 2001లో దీపం పథకం కింద గ్యాసు పొయ్యి వచ్చేదాకా ముప్పై ఏళ్ళు, రోజుకు రెండు పూటలా, ఎండు కొబ్బరి మట్టలు, డొక్కలు, సరుగుడు పుల్లలు, వానాకాలంలో అవి తడిసిపోతే పిడకలు, రైసుమిల్లు నుంచి బస్తాల్లో తెచ్చిన ఊకతో పొట్టు పొయ్యి. వంటిల్లు తాటాకు పాక. కిటికీ లేదు, పొగ పోవడానికి వాసాల సందులే దారి. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు వంగి కూర్చున్న అమ్మ, ఎర్రబడిన కళ్ళను చెంగుతో తుడుచుకుంటూ మధ్య మధ్య దగ్గుతూ ఉండడం నా చిన్నతనపు జ్ఞాపకాల్లో అన్నిటికంటే స్పష్టంగా ఉన్నది. ఆ దగ్గును ఇంట్లో ఎవరమూ జబ్బుగా లెక్క వేయలేదు.

ఆ రోజు ఆమె చేత స్పైరోమీటరు గొట్టంలోకి గాలి ఊదించారు. శ్వాసనాళాలు విప్పారడానికి మందు పీల్పించి, కాసేపాగి మళ్ళీ ఊదించారు. గుండెల నిండా తీసుకున్న గాలిని బలంగా వదిలినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చే భాగం, మొత్తం వదిలిన గాలిలో 0.70కి తక్కువగా ఉంటే, అదీ మందు పీల్చిన తరువాత కూడా తక్కువగానే ఉంటే, నాళాలు శాశ్వతంగా ఇరుకైనట్లు భావిస్తారు. అమ్మకు 0.58 వచ్చింది. వైద్యుడు చీటీ మీద సీఓపీడీ అని రాశారు. ఊపిరితిత్తులలో గాలి దారులు దీర్ఘకాలం మీద మూసుకుపోయే జబ్బు అది. దేశంలో ఈ జబ్బుతో ఉన్నవారు 1990లో 2.81 కోట్లు కాగా 2016 నాటికి 5.53 కోట్లయ్యారని అంచనా.

తిరుగు ప్రయాణంలో యెదుర్లంక వంతెన మీదికి బస్సు ఎక్కేసరికి, గౌతమి వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్న అమ్మ, "గ్యాసు వచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది కదరా అబ్బాయ్, పొగ ఎప్పుడో పోయింది, ఈ దగ్గు పోదేం?" అని అడిగింది. ఇంటర్మీడియట్ పిల్లలకు పాతికేళ్ళుగా జంతుశాస్త్రం చెబుతున్న నేను ఆ ప్రశ్నకు బస్సులో సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ తరువాత చాలా నెలలు చదివి, అర్థం చేసుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను. మా ప్రాంతంలో అమ్మ లాంటివారు ఇంటికొకరైనా ఉంటారు కాబట్టి ఇది నా ఒక్కడి సంగతి కాదు.

మన ఊపిరితిత్తులలో సుమారు 48 కోట్ల గాలి గదులు ఉంటాయి. వాటి గోడలన్నిటినీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లు, ఆ పైన వస్తుంది. ఇంత వైశాల్యం బయటి గాలికి ఎదురుగా తెరుచుకుని ఉంటే దానికి కాపలా తప్పదు. ఆ కాపలా కణాల పేరు మాక్రోఫేజులు. పాఠ్యపుస్తకం వీటిని స్థూలభక్షక కణాలు అంటుంది. నేనూ ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్ళిపోయినవాణ్ణే. అవి గాలి గదుల లోపలి గోడల మీద పాకుతూ, పడిన దుమ్మును, సూక్ష్మజీవులను, చచ్చిన కణాలను మింగుతూ ఉంటాయి. ఏది మింగాలో, ఎప్పుడు కేక వేసి తోడు పిలవాలో వాటికి తెలిపేవి వాటి పొర మీద ఉండే గ్రాహకాలు. ఫలానా ఆకారం గల అణువు తగిలితేనే కదిలే ప్రోటీను అణువులు అవి.

పుట్టుకతో వచ్చే ఈ గ్రాహకాల సంగతి బయటపడిన తీరు జంతుశాస్త్రం చెప్పేవాడిగా నాకు ఎంతో ఇష్టమైన కథ. సూక్ష్మజీవులలో మాత్రమే ఉండే కొన్ని రసాయన నమూనాలను గుర్తుపట్టే గ్రాహకాలు మన కణాలకు పుట్టుకతోనే ఉండి తీరాలని 1989లో చార్లెస్ జేన్‌వే అనే అమెరికన్ శాస్త్రవేత్త ఊహించాడు. అప్పటికి అలాంటి గ్రాహకం ఒక్కటీ చేతికి దొరకలేదు. 1996లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గ్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం, టోల్ అనే జన్యువు చెడిన పండు ఈగలు శిలీంధ్రం సోకితే తట్టుకోలేక చచ్చిపోతున్నాయని, శరీరమంతా బూజు పట్టిపోతున్నదని చూపింది. మరుసటి సంవత్సరం జేన్‌వే, రుస్లాన్ మెడ్జిటోవ్ కలిసి అటువంటి జన్యువే మనుషులలోనూ ఉన్నదని కనుగొన్నారు. 1998లో బ్రూస్ బాయ్ట్‌లర్ బృందం, ఎండోటాక్సిన్ ఎక్కించినా చలించని ఒక జాతి ఎలుకలను పరిశీలించి, వాటిలో లోపించినది టోల్ కుటుంబానికి చెందిన టీఎల్ఆర్-4 గ్రాహకమేనని తేల్చింది. ఎండోటాక్సిన్ అంటే ఒక రకం బాక్టీరియా పైపొరలో ఉండే పదార్థం. హాఫ్‌మన్‌కూ బాయ్ట్‌లర్‌కూ 2011లో నోబెల్ బహుమతి వచ్చింది. జేన్‌వే 2003లోనే కన్నుమూశాడు.

ఈ ఎండోటాక్సిన్ మన డెల్టా గాలిలో లేని చోటు అరుదు. వరి గింజ మీద, గడ్డి మీద, పేడలో ఆ బాక్టీరియా పెరుగుతుంది కాబట్టి నూర్పిళ్ళ దుమ్ములోనూ, రైసుమిల్లు దుమ్ములోనూ అది ఉంటుంది. పొగాకు ఆకు మీదా ఉంటుంది. కాల్చినా పూర్తిగా నశించక పొగతో పాటు లోపలికి పోతుంది. కట్టెలు, పిడకలు కాల్చే ఇళ్ళ గాలిని కొలిచినవారికి అక్కడా అది కనిపించింది. అది మాక్రోఫేజు మీది టీఎల్ఆర్-4కు తగలగానే కణం లోపల వరుసగా ప్రోటీనులు మేల్కొని, చివరకు ఎన్ఎఫ్-కప్పా-బి అనేది కేంద్రకంలోకి చొరబడి, ఇంటర్‌ల్యూకిన్-8 వంటి పిలుపు రసాయనాలను తయారు చేయిస్తుంది. ఇక పొగలోని సన్నటి రేణువులూ కణాలను ఆక్సీకరించే విషాలూ గాలి దారుల లోపొర కణాలను చిట్లగొడితే, ఆ కణాల నుంచి కారిన పదార్థాలు కూడా ఇవే గ్రాహకాలకూ, వీటికి తోడు రేజ్ అనే మరో గ్రాహకానికీ తగులుతాయి. బయటి నుంచి శత్రువు వచ్చినా, ఇంట్లో గోడ కూలినా మోగేది ఒకటే గంట.

అందుకే చుట్ట కాల్చారా అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. లంక పొగాకు చుట్ట నోట పెట్టుకుని యాభై ఏళ్ళు కూర్చున్న మా తాతయ్య ఊపిరితిత్తులలోనూ, చుట్ట ముట్టని అమ్మ ఊపిరితిత్తులలోనూ, మిల్లులో తవుడు దుమ్ములో బస్తాలు మోసిన మా ఎదురింటి బాబాయి ఊపిరితిత్తులలోనూ కదిలినది ఆ గ్రాహకాలే. తేడా లేదని కాదు. మెక్సికోలో కట్టెల పొగ పీల్చిన స్త్రీలనూ పొగతాగిన స్త్రీలనూ పోల్చి చూసినప్పుడు, పొగాకు వల్ల గాలి గదుల గోడలు ఎక్కువగా కరిగిపోతాయని, కట్టెల పొగ వల్ల సన్నటి గాలి గొట్టాలు ఎక్కువగా మందమై బిగుసుకుంటాయని తేలింది. మా ఊళ్ళో దగ్గే మగవాడిని చూసి చుట్ట మానమని చెప్పేవారుంటారు. దగ్గే ఆడమనిషికి మిరియాల కషాయం ఇస్తారు, వయసు మీద పడిందంటారు. అమ్మ విషయంలో మేము చేసినదీ అదే, దాదాపు పదిహేనేళ్ళు.

ఇంటర్‌ల్యూకిన్-8 పిలుపును అందుకునేవి రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు. వాటి మీద సీఎక్స్‌సీఆర్-1, సీఎక్స్‌సీఆర్-2 అనే గ్రాహకాలు ఉంటాయి. పిలుపు ఏ వైపు నుంచి గట్టిగా వస్తే ఆ వైపుకు రక్తనాళాల గోడలు దాటుకుని వస్తాయి. వచ్చిన న్యూట్రోఫిల్ చేతిలో ఎలాస్టేజ్ అనే కత్తెర ఉంటుంది. అది బాక్టీరియాను నరుకుతుంది, దారిలో ఉంటే ఊపిరితిత్తులకు సాగే గుణం ఇచ్చే ఎలాస్టిన్ పోగులనూ నరుకుతుంది. ఆ కత్తెరకు ఒర వంటిది రక్తంలోని ఆల్ఫా-1 ఆంటీట్రిప్సిన్ అనే ప్రోటీను. అది పుట్టుకతోనే లోపించినవారికి చిన్న వయసులోనే గాలి గదులు చెడిపోతాయని 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ చూపడంతో ఈ జబ్బులో సొంత కణాలే చేసే హాని మొదటిసారి స్పష్టమైంది. పొగ ఆ ఒరను కూడా మొద్దుబారుస్తుంది.

ఈ మొత్తం వ్యవహారాన్ని వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, తెలుగులో శోథ అని రాస్తారు. వేలికి ముల్లు గుచ్చుకుంటే ఎర్రబడి, వాచి, నాలుగు రోజుల్లో తగ్గిపోయేది కూడా శోథే. అది మేలు చేసే శోథ. అమ్మ అడిగిన ప్రశ్న, అది నాలుగు రోజుల్లో కాదు, ఇరవై ఏళ్ళకైనా ఎందుకు తగ్గలేదని.

దీన్ని ఆమెకు దాలితో పోల్చి చెప్పాను. మా పాత ఇంటి దొడ్లో దాలి గుంట ఉండేది. పొద్దున్నే పిడకలు పేర్చి నిప్పు వేసి, పైన ఊక కప్పి, పాలకుండ పెడితే, మంట అనేది కనబడకుండా సాయంత్రం దాకా లోలోపల రగులుతూ పాలను ఎర్రగా కాచేది. ఎవరూ ఊదనక్కరలేదు, పుల్ల ఎగదోయనక్కరలేదు. ఒక పిడక వేడికి పక్క పిడక అంటుకుంటుంది. దీర్ఘకాలపు శోథ అలాంటిది, తనకు కావలసిన పిడకలను అదే తయారు చేసుకుంటుంది.

ఆ పిడకలేమిటో 2006లో అమెరికాలో ఒక బృందం చూపింది. న్యూట్రోఫిల్ కణాలు, వాటి ఎంజైములు కలిసి ఊపిరితిత్తులలోని కొల్లాజెన్ పోగులను కొరికినప్పుడు ప్రోలీన్, గ్లైసీన్, ప్రోలీన్ అనే మూడు అమినో ఆమ్లాల చిన్న ముక్క ఒకటి రాలుతుంది. ఆ ముక్క సరిగ్గా సీఎక్స్‌సీఆర్ గ్రాహకాలకే అతుక్కుంటుంది, ఇంటర్‌ల్యూకిన్-8 లాగానే. అంటే పాడైన గోడ నుంచి రాలిన పెచ్చు మరిన్ని న్యూట్రోఫిల్‌లను పిలుస్తుంది, అవి వచ్చి మరింత గోడను కొరుకుతాయి. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులలో ఆ ముక్కను వెంటనే విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉన్నదని, పొగాకు పొగ ఆ ఎంజైమును పని చేయనివ్వదని 2010లో మరొక పరిశోధన తేల్చింది. ఇది చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. పొగ ఆగిపోయాక కూడా దగ్గు ఉండడానికి ఇంతకంటే సూటి వివరణ నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇంకొక కారణం కూడా ఉంది. పని ముగించి చచ్చిన న్యూట్రోఫిల్‌ను, చిట్లిన లోపొర కణాన్ని మాక్రోఫేజు వెంటనే మింగేయాలి. అలా మింగినప్పుడు అది చల్లబడి, శోథను ఆపే రసాయనాలను విడుదల చేస్తుంది. సీఓపీడీ ఉన్నవారి మాక్రోఫేజుల సంఖ్య ఎక్కువే, కాని మింగే శక్తి తక్కువ. మింగని శవాలు చిట్లి లోపలి ఎంజైములన్నీ బయటపడతాయి. జబ్బు ముదిరే కొద్దీ సన్నటి గాలి గొట్టాల గోడలలో లింఫోసైట్ అనే మరో రకం తెల్ల కణాలు గుంపులు కట్టి గూళ్ళు ఏర్పరచుకుంటాయని కూడా 2004లో తేలింది. వాటికి జ్ఞాపకశక్తి ఉంటుంది, ఒకసారి తగిలిన శత్రువును మరచిపోవు.

ఇక మందుల సంగతి. అమ్మకు రాసినది రోజూ పీల్చే పంపు. మా వీధిలో అందరూ చెప్పిన మాట, పంపు అలవాటైతే ఇక మానలేరు, మాత్రలతోనే సరిపెట్టుకోమని. ఆ భయం తప్పు. ఆ పంపులో ఉన్నవీ గ్రాహకాల మీద పనిచేసే మందులే. గాలి గొట్టం చుట్టూ ఉన్న కండరాల మీది బీటా-2 గ్రాహకాన్ని కదిలించి కండరాన్ని వదులు చేసేది ఒకటి, అదే కండరాన్ని బిగించే ఎం-3 గ్రాహకాన్ని అడ్డుకునేది మరొకటి. మందు నేరుగా గొట్టం మీద పడుతుంది కాబట్టి మోతాదు మైక్రోగ్రాములలో సరిపోతుంది. మాత్ర వేసుకుంటే ఒళ్ళంతా తిరిగి రావాలి. పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి, స్టీరాయిడ్ కలిసిన మందైతే నోరు పుక్కిలించాలి. అమ్మ ఇది నేర్చుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆయాసం తగ్గింది. అయితే ఈ రెండు మందులూ దారిని వెడల్పు చేసేవే, దాలిని ఆర్పేవి కావు. ఉబ్బసంలో అంత బాగా పనిచేసే స్టీరాయిడ్ ఈ జబ్బులో చాలామందికి అంతగా పనిచేయకపోవడానికి కారణం, మాక్రోఫేజుల కేంద్రకంలో శోథ జన్యువులను మూసి ఉంచే హెచ్‌డీఏసీ-2 అనే ఎంజైము ఈ జబ్బులో తగ్గిపోవడమని 2005లో తేలింది. పిలుపు రసాయనాల్లో ఒకటైన టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందు కీళ్ళవాతంలో అద్భుతంగా పనిచేసినా ఇక్కడ 2007లో ఫలితం ఇవ్వలేదు. సీఎక్స్‌సీఆర్-2ను మూసే మందులను ప్రయత్నించినప్పుడు రక్తంలో న్యూట్రోఫిల్‌లు ప్రమాదకరంగా పడిపోయినవారు కనిపించారు. కాపలావాణ్ణి పూర్తిగా పంపేస్తే ఇల్లు దొంగల పాలవుతుంది కదా.

ఇటీవల ఆశ కలిగించినది మరో వైపు నుంచి వచ్చింది. సీఓపీడీ ఉన్నవారిలో కొందరి రక్తంలో ఇసినోఫిల్ అనే కణాలు ఎక్కువగా ఉంటాయి. మైక్రోలీటరుకు 300 కణాలు, ఆ పైన ఉన్నవారికి ఇంటర్‌ల్యూకిన్-4 అనే మరో పిలుపు రసాయనాన్ని అందుకునే గ్రాహకపు ఆల్ఫా భాగాన్ని మూసే డుపిలుమాబ్ అనే ఇంజెక్షను ఇచ్చి చూసినప్పుడు, జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టడం సుమారు 30 శాతం తగ్గినట్లు 2023లో ప్రకటించారు; 2024 సెప్టెంబరులో అమెరికా దానిని ఈ జబ్బుకు అనుమతించింది. అమ్మ వంటివారికి అది ఇంకా అందుబాటులో లేని ధర, ఆమె లెక్క 300 చేరనూ లేదు.

ఇసినోఫిల్ పేరు వచ్చింది కాబట్టి మా ప్రాంతానికి చెందిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఇక్కడ విడవని దగ్గు ఏదైనా జనం నోట "ఇస్నోఫీలియా"యే. అమ్మకు కూడా ఊళ్ళోని వైద్యుడు ఒకాయన ఊపిరి పరీక్ష, రక్తపరీక్ష ఏదీ లేకుండా ఆ పేరే చెప్పి, వచ్చినప్పుడల్లా అవే మాత్రలు ఇచ్చి ఏళ్ళ తరబడి నెట్టుకువచ్చాడు. కాని ఆ మాట వెనుక నిజమైన జబ్బు ఒకటి ఉంది. బోదకాలు దోమలు మన కాలువల వెంట ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆ దోమలు మోసుకొచ్చే బోదకాలు పురుగు పిల్లలు కొందరి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో చిక్కుకుని, వాటి మీద శరీరం మితిమీరి తిరగబడితే, రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు, రక్తంలో మైక్రోలీటరుకు 3000కు మించిన ఇసినోఫిల్‌లు కనిపిస్తాయి. మదనపల్లె శానిటోరియంలో ఫ్రిమాట్-మోలర్, బార్టన్ 1940లో దీనిని క్షయను పోలిన వింత జబ్బుగా వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టాడు. దానిని మూడు వారాల్లో అదుపులోకి తెచ్చే డీఈసీ మందు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో తయారై 1947లో వెలుగు చూసింది. ఆయన 1895లో భీమవరంలో పుట్టినవారు. బోదకాలు గడ్డ మీద పుట్టిన మనిషి సముద్రాల అవతల కూర్చుని ఆ పురుగుకే మందు కనిపెట్టించిన సంగతి మా పిల్లలకు ప్రతి సంవత్సరమూ చెబుతాను. చెప్పవచ్చిన విషయం మాత్రం ఇది: ఈ జబ్బు మందుకు లొంగుతుంది, వదిలేస్తే ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది, సీఓపీడీ వేరు, ఉబ్బసం వేరు. మూడింటికీ ఒకే పేరు పెట్టి ఒకే మాత్ర ఇస్తే ముగ్గురూ నష్టపోతారు. ఒక రక్తపరీక్ష, ఒక ఊదుడు పరీక్ష చేస్తే చాలావరకు వేరు చేయవచ్చు.

ఏప్రిల్‌లో రెండోసారి వెళ్ళినప్పుడు వైద్యుడు మేము ఎదురుచూడని ప్రశ్న అడిగారు. "స్నానాలకు నీళ్ళు దేని మీద కాస్తారండి?" అమ్మ నా వైపు చూసింది. మా దొడ్లో వేణ్ణీళ్ళ పొయ్యి ఉంది. దాని మీద రాగి కాగు. అమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, కొబ్బరి మట్టలు ఎగదోసి, ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాస్తుంది. శీతాకాలంలో మంచు కిందికి దిగి ఉంటుంది కాబట్టి ఆ పొగ పైకి పోక దొడ్లోనే తిరుగుతుంది. గ్యాసు వచ్చింది వంటింట్లోకి మాత్రమే. పొగ ఎప్పుడో పోయిందని అమ్మ అనుకున్నది, నేనూ అనుకున్నాను, ఆ నీళ్ళతో రోజూ స్నానం చేసి కాలేజీకి వెళ్తూ కూడా. పాఠం తెలిసినవాణ్ణి, కళ్ళెదుట ఉన్న పొయ్యిని చూడలేదు. దాలి తనంతట తాను రగులుతున్న మాట నిజమే, కాని దాని పైకి మేము రోజూ ఒక పిడక వేస్తూనే ఉన్నాము.

ఆ వారమే గీజరు పెట్టించాను. మట్టల మీద కాగిన నీళ్ళ కాక దీనికి లేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. కాగును చింతపండుతో తోమి అటక మీద పెట్టింది. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించాము. దాళ్వా కోతల తరువాత చేలలో గడ్డి తగలబెట్టే రోజుల్లో గాలి ఎటు వీస్తున్నదో చూసి కిటికీలు మూసుకోవడం ఆమె తనంతట తానే మొదలుపెట్టింది. మొన్న భోగినాడు మంట దగ్గరకు వెళ్ళకుండా మేడ మీది నుంచి చూసింది.

నిరుడు ఇంటి నుంచి కాలవ గట్టు దాకా నడవడానికి నాలుగు చోట్ల ఆగేది. ఇప్పుడు రెండు చోట్ల ఆగుతోంది, రెండోది రావిచెట్టు కింద, అదీ అక్కడ కూర్చునేవారితో మాట్లాడడానికేనని అంటుంది. ఈ జనవరిలో మళ్ళీ ఊదించారు. 0.57 వచ్చింది.